తారు వద్దన్న కొండలు

అమెరికాకు ఈశాన్య మూలన ఉన్న వెర్మాంట్‌లో సగానికి పైగా రోడ్లకు ఇప్పటికీ తారు లేదు. అది పేద రాష్ట్రమూ కాదు, రోడ్డు వేయడం చేతకాని రాష్ట్రమూ కాదు. ఊళ్ళు చిన్నవి, కొండలు ఎక్కువ, చలికాలం పొడుగు. తారు పోస్తే మంచుకు పగులుతుంది, మళ్ళీ పోయాలి. మట్టిరోడ్డయితే గ్రేడర్ యంత్రంతో ఓసారి గీకి సర్దితే మళ్ళీ నడుస్తుంది. రాజధాని మాంట్‌పీలియర్ కూడా పాడైన తారురోడ్డు ఒకదాన్ని బాగు చేయించే బదులు పెళ్ళగించి, అడుగున గట్టి బట్ట పరిపించి, పైన కంకర పోయించుకుంది. మన దగ్గర ఏ సర్పంచైనా ఆ పని చేస్తే ఊరు ఊరుకోదు.

ఆ మట్టిరోడ్లే ఇప్పుడు గ్రావెల్ సైక్లిస్టులకు, అంటే కంకరదార్లమీద సైకిల్ తొక్కేవాళ్ళకు, పండగ. గ్రావెల్ పోటీల్లో పేరుమోసింది కాన్సాస్ రాష్ట్రంలోని ఎంపోరియా. 2006లో 34 మందితో అక్కడ మొదలైన పోటీకి ఇవాళ వేల మంది వస్తారు. కానీ కాన్సాస్‌ది గడ్డిమైదానం, ఎండా గాలీ తప్ప నీడ దొరకదు. అడవీ కొండా రెండూ కావాలనుకునేవాళ్ళు వెర్మాంట్ దారి పడతారు. అక్కడ 2014లో మొదలైన ‘వెర్మాంట్ ఓవర్‌ల్యాండ్’ పోటీ 60 మైళ్ళకు అటూ ఇటూ ఉంటుంది. దూరం చూసి ఇంతేనా అనుకున్నవాడికి ఆరు వేల అడుగుల పైచిలుకు ఎక్కాలని తెలిశాక నోరు మూతపడుతుంది. మాసాచుసెట్స్ సరిహద్దు నుంచి కెనడా సరిహద్దు దాకా, దాదాపు 300 మైళ్ళు, చాలా మటుకు మట్టిమీదే తీసుకెళ్ళే ‘వీటీఎక్స్‌ఎల్’ అనే రూటు కూడా ఉంది.

ఈ రూట్లలో కొంత దూరం పోయాక వింత ఒకటి కనబడుతుంది. చుట్టూ దట్టమైన అడవి. మేపుల్, బీచ్, బర్చ్ చెట్లు. వాటి మధ్యనుంచి నడుమెత్తు రాతిగోడ ఒకటి వంకర లేకుండా కొండపైకి పోతుంటుంది. అడవిలో గోడ ఎవరు కట్టారు? ఇంకాస్త ముందుకెళితే నాలుగు వైపులా రాళ్ళు పేర్చిన గొయ్యి, పక్కనే ఎవరూ కోయని ఆపిల్ చెట్టు, లైలాక్ పొద. ఒకప్పుడు అది ఇల్లు.

దీనికి కారణం గొర్రెలు. లిస్బన్‌లో అమెరికా కాన్సుల్‌గా పనిచేసిన విలియం జార్విస్ 1811లో స్పెయిన్ మెరీనో గొర్రెల్ని వెర్మాంట్‌లోని వెదర్స్‌ఫీల్డ్‌కు తోలుకొచ్చాడు. ఇవాళ ఓవర్‌ల్యాండ్ పోటీ జరిగే వెస్ట్ విండ్సర్‌కు అది పొరుగూరే. మెత్తటి ఉన్నికి గిరాకీ పెరిగి, 1840 నాటికి రాష్ట్రంలో గొర్రెలు దాదాపు 17 లక్షలయ్యాయి. మనుషులు మూడు లక్షల లోపే. మేతకోసం కొండలన్నీ నున్నగా గొరిగేశారు. తర్వాత దిగుమతి సుంకం తగ్గింది, పడమటి రాష్ట్రాల నుంచి చవక ఉన్ని రైలెక్కి వచ్చింది, రైతులు అటే వలసపోయారు. వదిలేసిన పొలాల్లో చెట్లు మొలిచి, ఇప్పుడు రాష్ట్రంలో నాలుగింట మూడొంతులు అడవే. పొలాలు పోయాయి గానీ, పొలాలకు పోయే దార్లు రికార్డుల్లో ఉండిపోయాయి.

వెర్మాంట్ చట్టం ఊరి రోడ్లను నాలుగు తరగతులు చేసింది. మూడో తరగతి దాకా ఏడాది పొడుగునా కారు నడిచేలా ఉంచే బాధ్యత ఊరిది. నాలుగో తరగతిని బాగుచేయాల్సిన పని ఊరికి లేదు, చలికాలంలో మంచు తీయాల్సిన పనీ లేదు. అయినా అది జనం దారే. పక్క భూమి ఎవరిదైనా సరే, మామూలుగా పాత సర్వే కొలతలో మూడు రాడ్ల వెడల్పున, అంటే నలభై తొమ్మిదిన్నర అడుగుల మేర, రాకపోకల హక్కు ఉంటుంది. మన గ్రామ నక్షాల్లో డొంకలు, పుంతలు, బండిదారులు ఉన్నట్టే. నేలమీద ముళ్ళకంపలే కనబడినా కాగితంమీద దారి బతికే ఉంటుంది.

ఆ కాగితాల గొడవ ఓ దశలో అసెంబ్లీ దాకా వెళ్ళింది. ఎప్పటిదో మరిచిపోయిన దారి తమ స్థలంలోంచి పోతోందని భూమి కొన్నవాళ్ళకు ఆలస్యంగా తెలియడం మొదలైంది. 2006లో చట్టం తెచ్చి, పాత దార్లను వెతికి మ్యాపుకెక్కించడానికి ఊళ్ళకు 2010 దాకా గడువిచ్చారు. వాలంటీర్లు ఊరి ఆఫీసుల్లో దుమ్ముపట్టిన సర్వే పుస్తకాలు తిరగేశారు. ఫలానా చెట్టు నుంచి ఫలానా రాయి దాకా ఇన్ని రాడ్లు అని రాసిన లెక్కలు పట్టుకుని అడవిలో తిరిగారు. ఇవాళ సైక్లిస్టు ఫోన్‌లో గీసుకునే నీలిగీత వెనుక ఆ చాకిరీ కూడా ఉంది.

రూటు గీయడం ఒక విద్య అయితే, దానిమీద తొక్కడం మరొకటి. గ్రావెల్ బండి చూడ్డానికి రేసు సైకిల్‌లాగే వంపు హ్యాండిల్‌తో ఉంటుంది గానీ టైర్లు 40 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటాయి. లోపల ట్యూబు ఉండదు, చిన్న చిల్లులు పడితే పూడ్చుకునే ద్రవం ఉంటుంది. రేసు సైకిల్‌లో 80 పీఎస్‌ఐ గాలి కొట్టేవాడు ఇందులో దాదాపు సగంతోనే సరిపెడతాడు. బొటనవేలితో నొక్కితే టైరు కాస్త లొంగాలి. గట్టిగా ఉంటే రాయిమీంచి ఎగిరిపడుతుంది, మరీ మెత్తగా ఉంటే రాయి తగిలి రిమ్ము సొట్టపోతుంది.

దిగుడులో అసలు పరీక్ష. బ్రేకు మలుపు రాకముందే వేయాలి, మలుపులో కాదు. కార్ల చక్రాలు తొక్కి గట్టిపరిచిన రెండు చారల్లో ఒకదాన్ని పట్టుకోవాలి. వాటి మధ్యా, రోడ్డు అంచునా పోగైన వదులు కంకరలోకి ముందుచక్రం దిగిందంటే అది మన మాట వినదు. హ్యాండిల్ బిగించి పట్టుకున్నవాడికే చేతులు నొప్పి. పిరుదులు సీటు మీంచి కొద్దిగా లేపి, మోచేతులు వదులు చేసి, బండిని దాని మానాన ఊగనివ్వాలి. నిటారు ఎక్కుళ్ళలోనూ, బ్రేకు వేసే చోట్లా నేల అలలు అలలుగా లేచి ఉంటుంది. అది వానకు కాదు, వేగంగా ఎగిరే చక్రాలు పొడి మట్టిని తోసి చేసిన పని. గ్రేడర్ వచ్చి గీకితే పోతుంది, కొన్నాళ్ళకు మళ్ళీ లేస్తుంది.

ఆ గ్రేడర్ నడిపే మనిషిని సైక్లింగ్ రాతల్లో ఎవరూ తలుచుకోరు. రోడ్డు మధ్యలో కాస్త ఎత్తు, ఇరుపక్కలా వాలు, పక్కన కాలవ, అడ్డంగా తూములు. నీరు నిలవకుండా పోతేనే మట్టిరోడ్డుకు ఆయుష్షు. 2023 జులైలో వరద వచ్చి మాంట్‌పీలియర్‌ను ముంచి, కొండరోడ్లను కోసుకుపోయింది. సరిగ్గా ఏడాదికి మళ్ళీ వచ్చింది. రెండుసార్లూ వాటిని నిలబెట్టింది చిన్న చిన్న ఊళ్ళ రోడ్డు సిబ్బందే. వాళ్ళ ఖర్చుకు డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందంటే, చాలావరకు మార్చి మొదటి మంగళవారం జరిగే ఊరి సభ బడ్జెట్ నుంచి. ఆ పద్దు మీద ఊరివాళ్ళే ఓటేస్తారు. సైక్లిస్టు కట్టే టికెట్టేమీ లేదు.

కాబట్టి మర్యాద అనే లెక్క ఒకటి మిగులుతుంది. రాష్ట్రం ఉత్తరాన ఈస్ట్ బర్క్‌లో సైకిల్ బాటలు చాలావరకు ప్రైవేటు భూముల్లోంచి, యజమానుల మంచితనం మీద సాగుతాయి. వచ్చేపోయేవాళ్ళ తీరు నచ్చక 2019 చివర్లో కొందరు యజమానులు తమ భూమిలోకి సైకిళ్ళు రావద్దనేశారు. నాలుగో తరగతి రోడ్డుకు చట్టం అండ ఉంది గానీ, వాకిట్లో చెత్త పడేసి, గుర్రం బెదిరేలా దూసుకుపోతే చట్టం ఎన్నాళ్ళు కాస్తుంది?

బోస్టన్, న్యూజెర్సీల్లో ఉండే తెలుగు కుటుంబాలు ఆకులు రంగులు మారే వేళకు వెర్మాంట్ కార్లలో వెళ్ళి, హైవే పక్కన ఫొటోలు దిగి వస్తుంటాయి. ఈసారి ఒక్క రోజు కారు ఆపి, ఊరి సైకిల్ షాపులో గ్రావెల్ బండి అద్దెకు తీసుకుని చూడండి. సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా నేల గట్టిగా ఉంటుంది. లోయల్లో ఫోన్ సిగ్నల్ అందదు, మ్యాపు ముందే దింపుకోండి. నవంబరులో జింకల వేట ఉంటుంది, వెళ్ళక తప్పకపోతే నారింజరంగు చొక్కా వేసుకోండి. మార్చి చివరా ఏప్రిల్లో మాత్రం అసలు వెళ్ళొద్దు. అప్పుడు పైమట్టి కరిగి, అడుగున నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది, నీరు ఇంకే చోటుండదు. అందులో మీరు వేసిన గాడి ఎండితే అలాగే గట్టిపడుతుంది, దాన్ని సరిచేసే పని మళ్ళీ ఆ గ్రేడర్ మనిషి మీదే పడుతుంది.