కంద కోసే చెయ్యి

రోహిణి కార్తెలో పెరట్లో ఏం వెయ్యాలని ద్రాక్షారామంలో అడిగితే ఆనప, బీర, పొట్ల అంటూ పాదుల పేర్లే ముందు వినిపిస్తాయి. అవి మృగశిర చినుకులు పడ్డాక వేసుకున్నా మునిగిపోయేదేం లేదు. ఎండ చల్లబడకముందే మట్టిలో పడాల్సింది కంద. ధవళేశ్వరం నుంచి నీళ్ళు ఆపి కాలువలు కట్టేసే రోజులవి. కొత్త పాదుకి పూటపూటా నీళ్ళు మొయ్యాలి. కందకి ఆ బెంగ లేదు, కావలసిన తడి దుంపలోనే దాచుకుని వాన వచ్చేదాకా ఓపిక పడుతుంది.

ఇటువైపు ఎక్కువగా వేసేది గజేంద్ర. పక్క జిల్లా కొవ్వూరులోని ఉద్యాన పరిశోధన స్థానం ఇచ్చిన రకమిది. నోరు దురద పెట్టదు, దుంప నున్నగా ఉంటుంది, పిల్ల దుంపలు దాదాపుగా పెట్టదు. వండేవాళ్ళకి ఇది వరం. నాటేవాళ్ళకి మాత్రం చిక్కు, ఎందుకంటే విత్తనం కావాలంటే పెద్ద దుంపనే కొయ్యాలి. పనితనమంతా ఆ కోతలోనే ఉంది.

భీమేశ్వరాలయానికి దగ్గరలో ఒకాయన కొబ్బరిచెట్ల నీడన కూర్చుని కంద కోస్తుంటే చూడాలి. చేతులకి కొబ్బరినూనె రాసుకుని, దుంపని ఒళ్ళో తిప్పి తిప్పి చూస్తారు. పైన నడిమి గుంటలో లేత గులాబీరంగు మొగ్గ. కూరకైతే ఎటు కోసినా ఒకటే. విత్తనానికి అడ్డంగా కోస్తే మొగ్గంతా పైముక్కకే పోతుంది, కిందిదాని మీద ఆశ పెట్టుకోలేం. అందుకని కత్తిని సరిగ్గా మొగ్గ నడుమ ఆనించి నిలువునా దించుతారు. మళ్ళీ దానికి అడ్డంగా ఇంకో నిలువు కోత. నాలుగు ముక్కలకీ మొగ్గలో తలా కాస్త వాటా. ముక్క అరకిలోకి తగ్గకూడదు. తక్కెడతో పని లేదు, అరచేతిలో పట్టుకుంటే ఆయనకి తెలిసిపోతుంది. తేలిగ్గా తోచిన ముక్కని పక్కకి పెట్టి, "ఇది పులుసులో వేసెయ్యమ్మా" అంటూ కోడలికి ఇచ్చేస్తారు. చిన్న ముక్క నాటితే చిన్న దుంపే వస్తుందని ఆయన లెక్క, ఆ లెక్కలో మొహమాటం లేదు.

తరవాత చిక్కటి పేడనీళ్ళలో ముంచి నీడన ఆరబెడతారు. కోసిన చోట తడి ఆరి పొర కట్టాలి, లేకపోతే మట్టిలో కుళ్ళిపోతుంది. తొందరపడేవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మూరెడు లోతు గోతులు, గోతికీ గోతికీ రెండు మూరల ఎడం, అడుగున పైమట్టీ మాగిన పశువుల ఎరువూ. మొగ్గ పైకి ఉండేలా కూర్చోబెట్టి, మన్ను కప్పి, మీద ఎండుగడ్డి పరుస్తారు. మొలక కోసం నెల పైనే కాచుకోవాలి. ఆ తరవాత ఒకే కాడ లేచి గొడుగులా విప్పుకుంటుంది.

మిగిలిన పని చిన్నదే. దడి వారన బచ్చలి ముక్కలు గుచ్చితే వానలకి అవే అల్లుకుంటాయి. బచ్చలి చకచకా కోతకి వస్తుంది గానీ, కంద తవ్వేది మాత్రం ఆకు పండి కాడ వాలాక, సంక్రాంతి దాటాకే. అందాకా కంద బచ్చలి కూరలోకి బచ్చలి మన దడిది, కంద సంతది.