అనుమానించే యంత్రం

ఉన్నత విద్యలో కొత్త సాంకేతికత గురించి వచ్చే రచనలు చాలావరకు బోధన చుట్టూనే తిరుగుతాయి: ఆన్‌లైన్ పాఠాలు, కృత్రిమ మేధ, ఏ వేళప్పుడైనా సందేహం తీర్చే యంత్ర గురువు. వీటి నీడలోనే మరో యంత్రం పెరిగింది. అది ఏమీ బోధించదు. వ్యాసం రాసింది మనిషా, యంత్రమా అని అనుమానిస్తుంది.

ఆ అనుమానం ఎవరి మీద ఎంత బరువుగా పడుతుందో తెలియాలంటే తూర్పు లండన్‌లో రోడింగ్ నదికి అటూ ఇటూ ఉన్న ఇల్ఫర్డ్, ఈస్ట్‌హామ్‌లను చూడాలి. మాస్టర్స్ చదువుకు వచ్చిన తెలుగు విద్యార్థులు ఎందరో ఇక్కడ గదులు పంచుకుని ఉంటారు. తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయడానికి వీల్లేదు. విశ్వవిద్యాలయం స్పాన్సర్‌షిప్ ఉపసంహరించుకుంటే వీసా నిలవదు. స్థానిక విద్యార్థికి ఒక పేపరు పోవడంతో ముగిసే వ్యవహారం వీరి విషయంలో తిరుగు విమానం దాకా వెళ్ళవచ్చు.

ఈ గుర్తింపు యంత్రం నిజానికి ఒక రోగనిర్ధారణ పరీక్ష వంటిది. దాన్ని అలా చదవకపోవడమే అసలు లోపం. చాట్‌జీపీటీని తయారు చేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో ఇలాంటి సాధనాన్ని విడుదల చేసింది. యంత్రం రాసిన పాఠాల్లో అది 26 శాతాన్నే పట్టుకోగలదని, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని పొరపాటున యంత్రానివిగా చూపుతుందని సంస్థ దాచకుండా చెప్పింది. వెయ్యి వ్యాసాల్లో వంద యంత్రం రాసినవనుకుందాం. పట్టుబడే దొంగలు 26 మంది. మిగిలిన 900 మందిలో దోషులుగా కనబడే నిర్దోషులు 81 మంది. వేలెత్తి చూపిన ప్రతి నలుగురిలో ముగ్గురు ఏ తప్పూ చేయనివారే. ఇలాంటి రక్తపరీక్షను ఏ ఆసుపత్రీ వాడదు. ఓపెన్ఏఐ కూడా కచ్చితత్వం చాలదంటూ అదే ఏడాది జూలైలో దాన్ని ఉపసంహరించుకుంది.

విశ్వవిద్యాలయాల్లో విస్తృతంగా వాడే టర్నిటిన్ 2023 ఏప్రిల్‌లో ఇటువంటి సదుపాయాన్ని చేర్చింది. తన పొరపాట్లు ఒక శాతానికి లోపేనని చెప్పింది. ఆ మాటనే యథాతథంగా తీసుకుని అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం లెక్క వేసుకుంది: 2022లో తాము టర్నిటిన్‌కు పంపిన పేపర్లు 75,000, అంటే 750 పేపర్ల మీద తప్పుడు ముద్ర పడే అవకాశం ఉంది. 2023 ఆగస్టులో ఆ సదుపాయాన్ని ఆపేసింది. టర్నిటిన్ పాత పనితో దీన్ని కలపకూడదు. నకలును పట్టే నివేదిక మూలాన్ని పక్కనే పెట్టి చూపుతుంది, ఎవరైనా సరిచూసుకోవచ్చు. 1879లో ఇల్ఫర్డ్‌లో ఫొటో పలకల తయారీతో మొదలై, ఊరి పేరే పెట్టుకున్న సంస్థ తర్వాత ఎక్స్‌రే ఫిల్ములు కూడా చేసింది. ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మరో వైద్యుడు విభేదించవచ్చు. కొత్త నివేదిక ఇచ్చేది ఒక శాతం అంకె, రంగు పూసిన కొన్ని వాక్యాలు. విభేదించడానికి అక్కడ ఫిల్ము లేదు.

పొరపాట్లు అందరికీ సమానంగా పంచబడితే అదొక రకం. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి ఏడు సాధనాలను పరీక్షించారు. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాల్లో సగటున 61 శాతం యంత్రం రాసినవిగా తేలాయి. అమెరికన్ ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల విషయంలో మాత్రం ఈ సాధనాలు దాదాపు తడబడలేదు. టర్నిటిన్ ఆ ఏడింటిలో లేదు. తన సొంత పరీక్షల్లో అటువంటి వివక్ష కనబడలేదని ఆ సంస్థ తర్వాత ప్రకటించుకుంది. తన మందును తానే పరీక్షించుకున్న కంపెనీ మాటకు వైద్యులు ఇచ్చే విలువే దీనికీ ఇవ్వాలి.

కారణం సులభమే. తర్వాత రాబోయే మాటను యంత్రం ఎంత తేలిగ్గా ఊహించగలిగితే, ఆ వాక్యం యంత్రానిదనే అనుమానం అంత పెరుగుతుంది. తెలుగు మాధ్యమంలో చదివి, గైడ్ల ఇంగ్లీషుతో డిగ్రీ గట్టెక్కి, అమీర్‌పేటలో ఐఇఎల్‌టిఎస్ శిక్షణ తీసుకున్నవారి వాక్యాలు ఊహకు అందేవే. ప్రతి పేరాకు ఒక మూస, ప్రతి మూసకు కంఠతా పట్టిన నాలుగు పదబంధాలు. వీసా తెచ్చిపెట్టిన మూసే ఇక్కడ నేరపు ఆనవాలు అవుతోంది. వింత ఏమిటంటే, అవే టోఫెల్ వ్యాసాలను చాట్‌జీపీటీకి ఇచ్చి పదజాలాన్ని మెరుగుపరచమంటే తప్పుడు ఫలితాలు 12 శాతానికి పడిపోయాయి. యంత్రం సాయం తీసుకున్నవాడు మనిషిగా నెగ్గాడు.

ఇటువంటి కథ ఇక్కడ లోగడ ఒకసారి జరిగింది. 2014 ఫిబ్రవరిలో బీబీసీ పనోరమా కార్యక్రమం విద్యార్థి వీసాలకు వాడే టోయిక్ ఇంగ్లీషు పరీక్షలో మోసాన్ని బయటపెట్టింది. మోసం నిజమే, కొందరికి శిక్షలు కూడా పడ్డాయి. ఆ తర్వాత పరీక్ష నిర్వహించిన ఈటీఎస్ సంస్థ గొంతు గుర్తింపు సాంకేతికతతో రికార్డింగులను జల్లెడ పట్టి, 58 శాతం చెల్లవని, మరో 39 శాతం అనుమానాస్పదమని తేల్చింది. వందలో 97 మందిని రోగులుగా చూపిన పరీక్షను ముందుగా పరీక్షించాలి. హోం శాఖ మాత్రం వీసాలు రద్దు చేయడం మొదలుపెట్టింది. 2019 నాటి జాతీయ ఆడిట్ కార్యాలయ నివేదిక ప్రకారం 12,500 అప్పీళ్ళు విచారణకు రాగా 3,600 నెగ్గాయి. ఈ అన్యాయంపై విచారణ జరిపిన పార్లమెంటు సభ్యుల బృందానికి అధ్యక్షత వహించింది ఈస్ట్‌హామ్ ఎంపీ స్టీఫెన్ టిమ్స్. గెలిచినవారికి కూడా పోయిన చదువు సంవత్సరాలు తిరిగి రాలేదు.

మోసాన్ని చూసీ చూడనట్టు వదిలేయమని దీని అర్థం కాదు. 2025లో హెపీ సంస్థ చేసిన సర్వేలో బ్రిటన్ విద్యార్థుల్లో 92 శాతం మంది ఏదో ఒక రూపంలో కృత్రిమ మేధను వాడుతున్నట్టు చెప్పారు. అర్థం కాని భావనను వివరింపజేసుకోవడమూ అందులో ఒక వాడకమే. కనుక వాడారా లేదా అన్న ప్రశ్నకే అర్థం పోయింది. రాసినదాన్ని విద్యార్థి అర్థం చేసుకున్నాడా అన్నదే మిగిలింది. అందుకు వైద్య కళాశాలల్లో పాత పద్ధతి ఒకటుంది. విద్యార్థి రాసిన కేసు షీటు ఎంత బాగున్నా పరీక్షకుడు మంచం పక్కన నిలబెట్టి అడుగుతాడు: ఈ రోగికి ఇదే జబ్బని ఎందుకన్నావు? నంగి నంగి ఇంగ్లీషులో చెప్పినా, తెలిసినవాడెవడో పది నిమిషాల్లో బయటపడుతుంది. ఒక్కొక్కరికి పది నిమిషాలంటే పెద్ద తరగతికి ఎన్నో రోజుల అధ్యాపక శ్రమ. సాఫ్ట్‌వేర్ లైసెన్సుకు అంత ఖర్చు కాదు.

ప్రస్తుతానికి విద్యార్థి చేతిలో ఉన్నవి తన చిత్తుప్రతులు, ఏ రోజు ఏం మార్చాడో నమోదు చేసే ఫైలు చరిత్ర. విశ్వవిద్యాలయం తుది నిర్ణయం లేఖ ఇచ్చిన పన్నెండు నెలల్లోగా ఇంగ్లండ్, వేల్స్ విద్యార్థులు ఓఐఏ అనే స్వతంత్ర సంస్థకు ఫిర్యాదు చేసుకోవచ్చు. దానికి రుసుము లేదు. వీసా గడువు మాత్రం ఆ పన్నెండు నెలలూ ఆగకుండా నడుస్తూనే ఉంటుంది.