గాజు మీద హాక్నీ గీత

డేవిడ్ హాక్నీ ఐప్యాడ్ మీద వేసిన బొమ్మను దగ్గర నుంచి చూస్తే ముందుగా కంటికి ఆనేది మోటుదనం. గడ్డి అంటే ఒకే మందంలో ఉన్న ఆకుపచ్చ గీతలు. పూలంటే వరసగా అద్దిన చుక్కలు. రోడ్డు ఊదా రంగులో ఉంటుంది. ఆయిల్ పెయింటింగులోలా రంగు పేరుకున్న చోటు లేదు, నీటిరంగుల్లోలా కాగితం తడి పీల్చుకున్న జాడా లేదు. పదడుగులు వెనక్కి జరిగి చూడండి. అదే బొమ్మలో వాన వెలిసిన రోడ్డు, ఇంకా చిగురు తొడగని చెట్టు, రెండింటి మీదా పరుచుకున్న పొద్దుటి చల్లని వెలుతురు వేటికవి తెలిసిపోతాయి. మోటు గీతలతో ఇంత సున్నితమైన వాతావరణం ఎలా పట్టాడన్నదే నన్ను ఈ బొమ్మల దగ్గర కట్టిపడేసిన ప్రశ్న.

హాక్నీ 1937లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టాడు. కాలిఫోర్నియా ఈతకొలనుల బొమ్మలతో 1960లలోనే పేరు తెచ్చుకున్నాడు. ఆ పేరు మీద కాలు మీద కాలేసుకుని బతకొచ్చు. ఆయన మాత్రం కొత్త యంత్రం కనబడితే ఊరుకోడు. పోలరాయిడ్ ఫొటోలు అతికించి బొమ్మలు కట్టాడు, ఆఫీసుల్లో వాడే జిరాక్స్ మిషన్‌తో ప్రింట్లు తీశాడు, ఫ్యాక్స్‌లో బొమ్మలు పంపాడు. 1987లో బీబీసీ వాళ్లు ఆయన్ని క్వాంటెల్ పెయింట్‌బాక్స్ ముందు కూర్చోబెట్టారు. టీవీ గ్రాఫిక్స్ కోసం తయారైన ఖరీదైన యంత్రమది. పలక మీద స్టైలస్‌తో గీస్తే ఎదుట ఉన్న తెర మీద గీత పడుతుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. చెయ్యి ఒక చోట, చూపు ఇంకో చోట. గ్రాఫిక్ ట్యాబ్లెట్ కొత్తగా కొన్న ఎవరినైనా అడగండి, మొదటి వారమంతా ఈ ఎడం దాటడానికే సరిపోతుంది. పాత కంప్యూటర్లతో ఇంకో తంటా కూడా ఉండేది. చెయ్యి ముందు వెళ్లిపోయేది, గీత తర్వాత తీరిగ్గా వచ్చేది. బొమ్మ గీసేవాడికి ఇది ప్రాణసంకటం, ఎందుకంటే గీత ఎటు పోతున్నదో చూస్తూనే చెయ్యి తన దారి సరిచేసుకుంటుంది. గీత ఆలస్యమైతే ఆ సరిదిద్దుకోవడమూ ఆలస్యమే. కంప్యూటర్లలో ఆ ఆలస్యం తగ్గాకే, 2000ల చివర్లో, హాక్నీ ఫొటోషాప్‌లో ట్యాబ్లెట్ మీద మనుషుల రూపచిత్రాలు గట్టిగా మొదలుపెట్టాడు.

తర్వాత ఐఫోన్ చేతికొచ్చింది. మూడున్నర అంగుళాల తెర, అడ్డంగా 320, నిలువుగా 480 పిక్సెళ్లు. అందులో బ్రషెస్ అనే యాప్. స్టైలస్ లేదు. బొటనవేలి అంచుతో గీశాడు. యార్క్‌షైర్ తీరంలో బ్రిడ్లింగ్టన్‌లో ఉండేవాడప్పుడు. తెల్లవారుజామున మెలకువ వస్తే పక్క మీద నుంచి లేవకుండానే, కిటికీలోంచి కనిపించే సూర్యోదయాన్నో, గూటిలో పెట్టిన పూలగ్లాసునో గీసి, ఆ పూటే స్నేహితులకు పంపేవాడు. వాళ్లకు రోజూ వాడిపోని పూలు అందేవి. ఈ పనికి కాగితం, రంగులు పనికిరావా అంటే, రావు. చీకట్లో రంగులు కనబడాలంటే దీపం వెయ్యాలి, దీపం వేస్తే ఆ తెల్లవారుజాము మాయమవుతుంది. ఫోను తెర దానంతటదే వెలుగుతుంది కనక చీకటిని చెదరగొట్టకుండానే చీకటి బొమ్మ గీయొచ్చు. పరికరం సుగుణాన్ని ఇంత సూటిగా పట్టుకున్న మరో చిత్రకారుడు నాకు తెలియదు.

2010లో ఐప్యాడ్ వచ్చింది. హాక్నీ కోట్లకు లోపలి వైపు స్కెచ్‌బుక్ పట్టేంత జేబులు ముందు నుంచీ ఉండేవి. ఐప్యాడ్ వాటిలో ఇమిడిపోయింది. ఇప్పుడు స్టైలస్ కూడా వాడాడు. అయితే నేటి యాపిల్ పెన్సిల్‌లాంటిది కాదు, అది 2015 దాకా లేదు. తొలి ఐప్యాడ్ తెరకు ముట్టుకున్నారా లేదా అన్నదే తెలుసు, ఎంత గట్టిగా నొక్కారో తెలియదు. చేతి నొక్కుడుతో గీత మందం మారదు.

తెలుగువాళ్లకు ఇదెంత పెద్ద లోటో చెప్పనక్కర్లేదు. మనకు గీత అనగానే బాపు గుర్తొస్తాడు. ఆయన కుంచె మొన నొక్కుతూ, తేలుస్తూ పోతే ఒకే గీతలో జడ బరువూ నడుము వంపూ వచ్చేసేవి. ఒత్తిడి తెలియని తెర మీద ఆ విద్య పనిచేయదు. హాక్నీ దానికోసం వెంపర్లాడలేదు. సన్నం-లావుల గీత తెర ఇవ్వదని గ్రహించి బొమ్మ భారమంతా రంగు మీదా పొరల మీదా పెట్టాడు. ఇవాళ డిజిటల్ బొమ్మలు వేసేవాళ్లలో చాలామంది క్యాన్వాస్ నేతనూ కుంచె వెంట్రుకల గీతలనూ తెర మీద నకలు చేసే బ్రష్‌ల కోసం వెతుకుతుంటారు. ఆయన బొమ్మల్లో ఆ నకలు లేదు. చుక్కల బ్రష్ చుక్కలాగే కనిపిస్తుంది, దాన్ని దాచడు.

దీనికి నిండైన ఉదాహరణ ‘వోల్డ్‌గేట్‌లో వసంతాగమనం’ వరస. వోల్డ్‌గేట్ బ్రిడ్లింగ్టన్ దగ్గర్లోని పాత రోమన్ బాట, బళ్ల రద్దీ పెద్దగా ఉండదు. 2011 జనవరి మొదటి రోజుల నుంచి ఎండాకాలం తలుపు తట్టేదాకా ఆ దారినే మళ్లీ మళ్లీ గీశాడు. వాటిలోంచి 51 బొమ్మలు, వాటికి తోడు 32 క్యాన్వాసులు కలిపి వేసిన ఒక పెద్ద ఆయిల్ పెయింటింగు 2012లో లండన్ రాయల్ అకాడమీలో పెట్టారు. ప్రతి బొమ్మ పేరులోనూ తేదీ ఉంటుంది. జనవరి బొమ్మలో కొమ్మలు వట్టి గీతలు. మే నెలాఖరుకి వచ్చేసరికి దారి ఆకుల్లో మునిగిపోతుంది. మధ్యలో ఏ రోజున ఏ పొద పచ్చబడిందో పంచాంగం చూసినట్టు చూసుకోవచ్చు.

పొరల పని చూడాలంటే ఈ వరసలోనే చూడాలి. నీటిరంగుల్లో లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. తెల్లటి పువ్వు కావాలంటే అక్కడి కాగితాన్ని ముందే వదిలిపెట్టుకోవాలి. ఒక పూత ఆరేదాకా ఆగాలి, పూతలు ఎక్కువైతే రంగు మురికి దేరుతుంది. ఐప్యాడ్‌లో ముదురు నీడ మీద లేత పసుపు అప్పటికప్పుడే వేయొచ్చు. అది ఆరక్కర్లేదు, కింది రంగులో కలిసి మసకబారదు. అందుకే హాక్నీ చలికాలపు పొదలో ముందు ముదురు చీకటి పెట్టి, దానిమీద కొమ్మలు, కొమ్మల మీద వెలుతురు, ఆపైన చిగుళ్లు గీసుకుంటూ వచ్చాడు. ముందుది వెనక, తర్వాతది ముందు. ప్రకృతిలో ఉన్న లోతు వరసే గీత వరస అయింది. రెండు నిమిషాల్లో మారిపోయే మబ్బు వెలుగును పట్టడానికి ఈ వేగమే ఆయుధం.

బ్రషెస్ యాప్‌లో ఇంకో గమ్మత్తుంది. బొమ్మ పూర్తయ్యాక మొదటి గీత నుంచి మళ్లీ ఆడించి చూడొచ్చు. తాను గీస్తుండగా తననే చూసుకునే వీలు హాక్నీకి డెబ్బై దాటాక దొరికింది. మనకు దొరికింది మరింత పెద్ద భాగ్యం. ఎక్కడ తడబడ్డాడో, ఏ చెట్టును చెరిపి మళ్లీ పెట్టాడో కళ్లారా చూడొచ్చు.

యాప్ ఇలా ప్రతి గీతనూ గుర్తుంచుకోవడమే ప్రింట్లకూ అక్కరకొచ్చింది. తొలి ఐప్యాడ్ తెర 1024 గుణించు 768 పిక్సెళ్లు. దాన్ని ఉన్నదున్నట్టు నాలుగున్నర అడుగుల ఎత్తుకు సాగదీస్తే ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరు దాటిన గడిలా తేలుతుంది. యాప్ దాచుకున్నది బొమ్మనే కాదు, గీతలను కూడా. ఆ గీతలను పెద్ద కొలతలో మళ్లీ గీయిస్తే అంచులు నున్నగా వస్తాయి. అలా పెద్ద కాగితం మీదకెక్కినా అరచేతి కదలిక పోలేదు. పెద్ద ప్రింటుగా వేసుకోవాలన్న ఉద్దేశంతోనే గీయడం వల్ల కాగితంలో రంగు ఎంత తగ్గుతుందో ముందే లెక్క వేసుకుని ఉంటాడనిపిస్తుంది నాకు.

అయినా కాగితం కాగితమే, వెనక నుంచి వెలగదు. ఆ లోటు తీరింది లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబ్బే చర్చిలో. రెండో ఎలిజబెత్ రాణి పాలన గుర్తుగా హాక్నీ ఐప్యాడ్ మీద రూపకల్పన చేసిన కిటికీని 2018లో అక్కడ ఆవిష్కరించారు. దాదాపు ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తు, మూడున్నర మీటర్ల వెడల్పు. యార్క్‌షైర్ హాథార్న్ పూత, నీలి ఆకాశం, ఎర్రటి దారి. గాజు పని యార్క్‌లోని బార్లీ స్టూడియోది. రంగు గాజు ముక్కలను సీసపు పట్టీలతో కూర్చాలి కనక వాళ్లకు రంగులు దేనికది విడిగా, గట్టిగా ఉండాలి. ఐప్యాడ్‌లో హాక్నీ అప్పటికే అలవాటు చేసుకున్నది అదే. రెండూ వెనక నుంచి వెలుగు పడే గాజులే. మధ్యయుగపు పనివాడూ యాప్ వాడే చిత్రకారుడూ ఒకే సూత్రం మీద కలుసుకున్నారు.

2019లో ఫ్రాన్సులోని నార్మండీకి మకాం మార్చాడు. మరుసటి ఏడు కరోనా వచ్చి అందరూ ఇళ్లలో కూర్చుంటే ఆయన పెరటి చెట్లను, చెరువు మీద పడే వానను గీస్తూ కూర్చున్నాడు. ఈసారి తనకు కావలసినట్టు మార్పించుకున్న బ్రషెస్ యాప్ వాడాడు. ఆ వసంతపు బొమ్మలు 116 రాయల్ అకాడమీలో 2021లో పెడితే విమర్శకుల్లో కొందరు పెదవి విరిచారు. రంగులు గాఢం, గీత యాంత్రికం అన్నారు. ఆ విమర్శను పూర్తిగా కొట్టిపారేయలేను. అచ్చు గుద్దినట్టు ఒకే ఆకు మళ్లీ మళ్లీ వచ్చే చోట్లు ఉన్నాయి. నార్మండీ బొమ్మలను ఒకదాని పక్కన ఒకటి కలిపి, బేయో టాపెస్ట్రీ అనే మధ్యయుగపు కుట్టుపని పటం స్ఫూర్తితో చేసిన 90 మీటర్ల పొడవు బొమ్మలో ఆ విసుగు మరీ తెలుస్తుంది. కానీ వాన పడుతున్న చెరువు బొమ్మ చూడండి. తెల్లని వలయాలు కొన్ని, నిలువు గీతలు కొన్ని, అంతే. నీటి మట్టం ఎక్కడుందో, చినుకు ఎంత బరువో కూడా తెలుస్తుంది. యాంత్రికమైన బ్రష్‌ను చూపు నడిపితే ఏమవుతుందో దానికన్నా మంచి సాక్ష్యం అక్కర్లేదు.

నా మట్టుకు, నిడివి పెరిగిన కొద్దీ ఈ బొమ్మల బిగి సడలింది. ఫోను మీద బొటనవేలితో గీసిన పూలగ్లాసులు, వోల్డ్‌గేట్ చలికాలపు దారులు, ఈ రెండింటికే పెద్ద పీట వేస్తాను.

ఈ బొమ్మలను చూడాలనుకునేవారికి ఒక మాట. ఆర్ట్ పుస్తకం కొనే ముందు మీ చేతిలో ఉన్న తెర మీదే చూడండి, అవి పుట్టిన చోటు అదే. గదిలో దీపం ఆర్పి, తెర వెలుగు పెంచి, చెట్టు మొదలు దగ్గర పెద్దది చేసి చూస్తే ఏ పొర మీద ఏ పొర వేశాడో చాలా మట్టుకు మీరే విడదీసి చెప్పగలరు.