వెనక వరసలో నలభై ఏళ్లు

పాత హాలీవుడ్ సినిమా రెండోసారి చూసేటప్పుడు నేను హీరో హీరోయిన్లను వదిలేస్తాను. కథ తెలుసు, మలుపులు తెలుసు. అందుకని కళ్లు వాళ్ల భుజాల మీదుగా వెనక్కి పోతాయి. హోటల్లో పక్క టేబుల్ దగ్గర ఎవరున్నారు? విందులో గుమ్మం పక్కన నిలబడిందెవరు? కోర్టు హాల్లో మూడో వరసలో కూర్చున్నదెవరు? ఇలా చూడటం అలవాటయ్యాక ఒక ముఖం పదే పదే ఎదురైంది. పొడగరి, నిటారైన నడక, చక్కగా దువ్వి సర్దుకున్న జుట్టు, ఒంటికి అతికినట్టున్న గౌను. ఆవిడ పేరు బెస్ ఫ్లవర్స్. హాలీవుడ్ ఆమెను ఎక్స్‌ట్రాల (సీను వెనక పేరు లేకుండా కనిపించే నటుల) మహారాణి అని పిలుచుకుంది.

టెక్సస్ రాష్ట్రంలోని షెర్మన్‌లో 1898లో పుట్టింది. మూకీల కాలంలో, 1923లో తెరమీదికి వచ్చింది. 1964 దాకా పనిచేసింది. ఈ నలభై ఒక్క ఏళ్లలో ఆమె కనిపించిన సినిమాలు వందల్లో ఉన్నాయి. వాటిలో చాలావాటి టైటిల్స్‌లో ఆమె పేరు పడలేదు. అందుకే ఆమె సినిమాల జాబితాలో చాలా భాగం, అభిమానులు ఒక్కో ఫ్రేమూ వెతికి, ముఖం గుర్తుపట్టి చేర్చుకుంటూ వచ్చిందే. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ అందుకున్న సినిమాలు అందులో అయిదున్నాయి: 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్', 'యూ కాంట్ టేక్ ఇట్ విత్ యూ', 'ఆల్ అబౌట్ ఈవ్', 'ది గ్రేటెస్ట్ షో ఆన్ ఎర్త్', 'అరౌండ్ ది వరల్డ్ ఇన్ ఎయిటీ డేస్'. పెద్ద పెద్ద తారలకే అందని వరస ఇది.

ఆమెకు పెద్ద పాత్రలు అసలే రాలేదనుకుంటే పొరపాటు. 1926లో ఫ్రెడ్ థామ్సన్ కౌబాయ్ చిత్రం 'లోన్ హ్యాండ్ సాండర్స్'లో ఆమే హీరోయిన్. 1928లో లారెల్ హార్డీల 'వీ ఫా డౌన్'లో లారెల్ భార్య. 1938లో త్రీ స్టూజెస్ హాస్య చిత్రం 'మట్స్ టు యూ'లో బిడ్డ తల్లి. అయినా నలభై ఏళ్లూ ఆమెకు అన్నం పెట్టింది మాత్రం పేరు పడని పనే. 'ఇట్ హ్యాపెన్డ్ వన్ నైట్'లో పత్రికా సంపాదకుడి సెక్రటరీ. 'రియర్ విండో'లో ఎదురింటి సంగీతకారుడి పార్టీకి పూడుల్ కుక్కతో వచ్చిన అతిథి. 'వెర్టిగో'లో ఎర్నీస్ రెస్టారెంట్లో భోజనం చేస్తున్న వాళ్లలో ఒకరు.

ఆ పని ఎలా దొరికేదో కూడా చెప్పుకోవాలి. తొలిరోజుల్లో ఎక్స్‌ట్రాలు తెల్లారకముందే స్టూడియో గేట్ల దగ్గర గుంపులుగా నిలబడేవారు. లేదంటే ఏజెంట్ల చుట్టూ తిరిగి, వచ్చే కూలిలో వాళ్లకు కమీషన్ ఇచ్చుకునేవారు. ఈ దోపిడీ మీద గోల పెరిగాక నిర్మాతల సంఘం 1925లో సెంట్రల్ కాస్టింగ్ అనే సంస్థను పెట్టింది. కమీషన్ పోయింది. గేటు దగ్గర పడిగాపుల స్థానంలో టెలిఫోన్ వచ్చింది. రేపు పనుందా అని ఫోన్ చేసి అడగటం, లేదనిపించుకోవడం, మళ్లీ చేయడం. హాలీవుడ్ మెరుపుల వెనక వేలమంది బతుకు ఈ ఫోన్ మీదే నడిచింది.

ఆ వేలమందిలో ఒక మెట్టు పైన ఉండేవాళ్లు డ్రెస్ ఎక్స్‌ట్రాలు. విందులో, థియేటర్ బాక్సులో, ఓడ డెక్ మీద ధనవంతుల్లా కనిపించేందుకు కావలసిన బట్టలు వాళ్ల సొంతవే. పగటి గౌనులు, రాత్రి విందు గౌనులు, ఫర్ కోట్లు, చేతి తొడుగులు అన్నీ ఇంట్లో సిద్ధంగా ఉండాలి. అందుకే మామూలు ఎక్స్‌ట్రా కంటే వాళ్లకు రోజు కూలి ఎక్కువ. అంటే ఆ బీరువాయే వాళ్ల పెట్టుబడి. దుస్తుల ఎంపికకు బెస్ ఫ్లవర్స్ పెట్టింది పేరు. ఆమె గౌను గొప్పింటిదని చూడగానే తెలుస్తుంది, కానీ హీరోయిన్ గౌను మీద నుంచి మన చూపును లాక్కోదు. ఆ హద్దు ఎక్కడుందో తెలియడమే విద్య.

అసలు విద్య అంతకంటే లోతైనది. టాకీలు వచ్చాక హీరో హీరోయిన్ల మాటలు మాత్రమే రికార్డు కావాలి. కాబట్టి వెనక ఉన్న యాభైమందీ శబ్దం రాకుండా మాట్లాడాలి, శబ్దం రాకుండా నవ్వాలి. డాన్స్ సీన్లో మాటలు మొదలయ్యే చోట సంగీతం ఆపేస్తారు. పాట లేకపోయినా అడుగు తప్పకూడదు. టేక్ ఆరోసారి తీస్తున్నా చేతిలో గ్లాసు అదే ఎత్తులో ఉండాలి. హీరో ఏ మాట దగ్గర ఉన్నప్పుడు మొదటిసారి నడిచారో, ప్రతిసారీ ఆ మాట దగ్గరే నడవాలి. చూపు కెమెరా వైపు పోకూడదు, అలాగని దాన్ని తప్పించుకుంటున్నట్టూ ఉండకూడదు. అన్నిటికంటే కష్టం వినడం. బెస్ ఫ్లవర్స్ ఉన్న ఫ్రేములో ఆమె నిజంగా వింటూ ఉంటుంది. పక్కవాళ్ల మాట పూర్తయ్యాకే ఆమె ముఖం మారుతుంది. పెళ్లి పందిట్లో ముందు కుర్చీలో కూర్చున్న పెద్దావిడ ఏ పనీ చేయకపోయినా ఆ పెళ్లికి ఒక నిండుదనం వస్తుంది. బెస్ ఉన్న సీనుకూ ఆ నిండుదనం అలాగే వచ్చేది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది 'ఆల్ అబౌట్ ఈవ్'లో ఆమె కనిపించే చోటు. అభిమానినంటూ వచ్చి, పెద్ద నటి మార్గో ఇంట్లో చేరి, చివరికి ఆమె స్థానాన్నే లాగేసుకున్న ఈవ్‌కి ఘనమైన అవార్డు దక్కింది. సభ ముగిసింది. అభినందించడానికి జనం చుట్టూ చేరారు. అందులో బెస్ ఫ్లవర్స్ ముందుకు వచ్చి, నీకు ఈ గౌరవం దక్కినందుకు చాలా సంతోషంగా ఉందని ఒక్క వాక్యం చెప్పి తప్పుకుంటుంది. అంతే పాత్ర. కానీ ఆ గదిలో కొందరికి ఈవ్ సంగతి తెలుసు, మనకూ తెలుసు. ఆ మాటను కల్మషం లేకుండా అనగలిగిన మనిషి అక్కడ ఒకరుంటేనే ఈవ్ గెలుపు ఎంత బోలుగా ఉందో మనకు తగులుతుంది. బెస్ ఆ వాక్యంలో వ్యంగ్యం కలపలేదు, తనవైపు చూడమని అడగలేదు. సీనుకు ఏం కావాలో అది ఇచ్చి పక్కకు జరిగింది. ఎలాగైనా ముందు వరసకు రావాలన్న ఆరాటం మీద తీసిన సినిమాలో, అప్పటికి పాతికేళ్లకు పైగా తెరమీద ఉన్న మనిషి చేసిన పని ఇది.

వెనక నిలబడటమంటే తలొంచుకోవడం అని ఆమె అనుకోలేదు. 1940ల్లో ఎక్స్‌ట్రాలు తమకంటూ స్క్రీన్ ఎక్స్‌ట్రాస్ గిల్డ్ పెట్టుకున్నప్పుడు వ్యవస్థాపకుల్లో ఆమె ఒకరు. సంఘం తొలి ఉపాధ్యక్షుల్లోనూ ఒకరు. ఆ గిల్డ్ 1992లో మూతపడింది, ఎక్స్‌ట్రాలు నటుల సంఘం గొడుగు కిందికి వచ్చారు. కానీ పోరాటం ఆగలేదు. 2023లో అమెరికా నటుల సంఘం 118 రోజులు సమ్మె చేసినప్పుడు ప్రధానమైన డిమాండ్లలో ఇదీ ఒకటి: వెనక నిలబడే నటుడి ముఖాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకుని, అతని అనుమతి లేకుండా, డబ్బివ్వకుండా వాడుకోకూడదని. చివరి ఒప్పందంలో అనుమతికీ చెల్లింపుకూ నిబంధనలు చేరాయి.

మన దగ్గర ఈ పని చేసేవాళ్లను జూనియర్ ఆర్టిస్టులంటాం. నలభై ఏళ్లు చేసినా జూనియర్లే. తారలు కాలేకపోయినవాళ్లన్న జాలితో వాళ్లను చూడటం మనకు అలవాటు. బెస్ ఫ్లవర్స్‌ను చూసిన కొద్దీ ఆ జాలి తప్పని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఆమె 1984లో, 85 ఏళ్ల వయసులో, వుడ్‌లాండ్ హిల్స్‌లో సినిమా కళాకారుల కోసం నడిపే నివాసంలో కన్నుమూసింది. జాలి ఆమెకు అక్కర్లేదు. వెనక వరసవాళ్లకు కావలసింది సరైన కూలి, టైటిల్స్‌లో పేరు, పనితనాన్ని పనితనంగా చూసే కన్ను. మొదటి రెండూ ఇవ్వాల్సింది పరిశ్రమ. మూడోది ప్రేక్షకుడి బాధ్యత, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.