నోటు వెనక చెల్లు

మా గణపవరం చుట్టుపక్కల అప్పు లేని ఇల్లు అరుదు. చెరువు లీజుకు, చేపపిల్లకు, తవుడుకు ముందే డబ్బు పొయ్యాలి. పట్టుబడి అయ్యాకే మళ్లీ చేతికొస్తుంది. మబ్బు పట్టి గాలి ఆడని రాత్రి నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే, తెల్లారేసరికి శీలావతి, బొచ్చె నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. పెట్టుబడి పోతుంది, అప్పు మిగులుతుంది. ఆ అప్పుకు హామీ సంతకం పెట్టిన కొడుకు రేపు ఉద్యోగానికి వెళ్తే, అది అతని నడతకు మచ్చ అవుతుందా?

ఈ ప్రశ్న ఊహ కాదు. బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ నోటిఫికేషన్లలోనే ఉంది: అప్పుల చరిత్ర చూపే సిబిల్‌లో బాకీ కనిపిస్తే చేరేలోగా సరిచేయించుకోవాలి, లేదా అప్పిచ్చిన సంస్థ నుంచి బాకీ లేదని ఎన్‌ఓసీ తేవాలి. లేకపోతే ఆఫర్ రద్దు కావచ్చు. స్టేట్ బ్యాంకు ఇలా ఒకరి నియామకాన్ని రద్దు చేస్తే, మద్రాసు హైకోర్టు 2025 జూన్‌లో బ్యాంకునే సమర్థించింది. బాకీలన్నీ తీర్చేశానని అతను చెప్పుకున్నా, పాత ఎగవేతల రికార్డు అడ్డొచ్చింది.

అమెరికాలో పౌరసత్వం తీసుకుని, ప్రభుత్వ రహస్యాలు తాకే ఉద్యోగాలకు వెళ్లే మనవాళ్లకు ఈ పరీక్ష ఇంకా గట్టిది. సెక్యూరిటీ క్లియరెన్స్ ఇవ్వడానికి అక్కడ 13 మార్గదర్శకాలున్నాయి. వాటిలో ఒకటి పూర్తిగా డబ్బు వ్యవహారాలదే. ఎందుకంత పట్టింపో ఆల్డ్రిచ్ ఏమ్స్ కథ చెబుతుంది. సీఐఏ అధికారిగా ఉంటూ, అప్పుల ఒత్తిడిలో 1985లో సోవియట్లకు రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు. 1994లో గానీ దొరకలేదు.

అయితే ఆ మార్గదర్శకమే మరో మాట కూడా అంటుంది. ఉద్యోగం పోయో, వ్యాపారం దెబ్బతినో, జబ్బు చేసో అప్పు పడితే, ఆ తర్వాత మనిషి బాధ్యతగా నడుచుకున్నాడా లేదా చూడమంటుంది. మన కేంద్ర ఉద్యోగుల 1964 నడవడి నియమాల్లో 17వది కూడా ఇదే దారి. అప్పుల్లో కూరుకుపోకూడదు, బాకీ కోసం కోర్టులో దావా పడితే పైవాళ్లకు వెంటనే చెప్పాలి, దుబారా వల్ల కాదు, చేతిలో లేని కారణాల వల్ల అని చూపించుకోవాలి. ఈ రెండు నియమాల్లోనూ అప్పు ఎంత అన్నదాని కంటే ఎందుకైంది, తర్వాత ఏం చేశావు అన్నదే పెద్ద ప్రశ్న.

దీనికి జవాబు మా పెద్దల అలవాటులో ఉందని నా నమ్మకం. ప్రోనోటు ముందువైపు రెవెన్యూ స్టాంపు మీద సంతకం, వెనకవైపు చెల్లు: ఎంత కట్టారు, ఏ తారీకున, కింద బాకీదారు సంతకం. నోటు మీద దావా వేయడానికి మూడేళ్ల గడువు. ఆలోగా కొంత కట్టి చెల్లు వేస్తే, ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. అంటే తన మీద దావా వేసే హక్కును బాకీదారే తన చేత్తో పొడిగిస్తున్నాడు. ఎగ్గొట్టాలనుకున్నవాడు ఆ సంతకం పెట్టడు. అమెరికాలో విచారణ అధికారి అడిగేదీ ఇలాంటి కాగితమే: కట్టుబాటుకు రుజువు, చిన్న వాయిదాకైనా రసీదు.

అందుకే పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. ఏడాదికొకసారి ఉచితంగా వచ్చే క్రెడిట్ రిపోర్టు తీసి చూసుకోండి. స్నేహితుడి కోసం పెట్టిన హామీ సంతకం కూడా అందులో మీ పేరునే ఉంటుంది. యాప్‌లో తీసుకున్న చిన్న బాకీనైనా వదిలెయ్యకండి. తగ్గించి కట్టి ‘సెటిల్డ్’ అనిపించుకోవడం వేరు, పూర్తిగా కట్టి ‘క్లోజ్డ్’ అనిపించుకోవడం వేరు. ఫారంలో అప్పు గురించి అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయండి. చెరువు పోవడం నేరం కాదు, దాచిపెడితేనే నమ్మకం పోతుంది.