సానుభూతి, సహానుభూతి: తెలుగు విమర్శలో ఒక పారిభాషిక సమస్య

ఆంగ్లంలోని ‘సింపతీ’, ‘ఎంపతీ’ పదాలకు తెలుగు విమర్శలో ‘సానుభూతి’, ‘సహానుభూతి’ అనే పదాలు సమానార్థకాలుగా వాడుకలోకి వచ్చాయి. ఈ జంట మొదటి జంటలోని భేదాన్ని యథాతథంగా అందిస్తున్నదన్న భావన పరిశీలనకు నిలవదు.

రెండు ఆంగ్ల పదాలకూ మూలం గ్రీకు ‘పాథోస్’. భేదమంతా ఉపసర్గలోనే ఉంది. ‘సిన్’ తోడును, ‘ఎన్’ లోపలిని సూచిస్తాయి. మొదటిది బాధితుని పక్కన నిలవడం. రెండవది అతని అనుభవంలోకి ప్రవేశించడం. ‘ఎంపతీ’ని జర్మన్ సౌందర్యశాస్త్రంలోని ‘ఐన్‌ఫ్యూలుంగ్’కు సమానార్థకంగా ఎడ్వర్డ్ టిచెనర్ 1909లో ప్రవేశపెట్టాడు. అంతకుముందు పాతపదమే రెండర్థాలనూ మోసింది. ఊహాబలంతో ఇతరుల స్థితిలో తనను నిలుపుకోవడాన్ని ఆడమ్ స్మిత్ 1759 నాటి నీతిశాస్త్ర గ్రంథంలో ‘సింపతీ’ అనే వ్యవహరించాడు.

తెలుగు జంట స్థితి వేరు. సంస్కృత సమాసాల్లో ‘సహ’కు ‘స’ ఆదేశంగా రావడం వ్యాకరణసిద్ధం. కనుక రెండు పదాల్లోనూ ఉన్నది తోడే. ‘లోపల’ అన్న అర్థం దేనిలోనూ లేదు. హిందీలో ‘సింపతీ’కే ‘సహానుభూతి’ రూఢి కాగా, ‘ఎంపతీ’కి ‘సమానుభూతి’ని వాడుతున్నారు. తెలుగులో పాటిస్తున్న భేదం వ్యుత్పత్తి వల్ల కాక, సంకేతం వల్ల ఏర్పడినదని దీనివల్ల స్పష్టమవుతుంది. ‘తాదాత్మ్యం’ ఈ లోటును పూరించదు. అది ఇద్దరి భేదాన్నే చెరిపివేస్తుంది. ‘ఎంపతీ’లో ఆ బాధ పరునిదన్న ఎరుక మిగిలే ఉంటుంది.

ఈ చర్చ నిఘంటువులకే పరిమితమైనది కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ (1922)ని సహానుభూతికి నిదర్శనమని ప్రశంసించడంతో విమర్శ ముగియదు. కథకుని దృష్టి పాత్రల అంతరంగంలోకి ఎక్కడ ప్రవేశించిందో, ఎక్కడ పక్కనే నిలిచిపోయిందో పాఠం ఆధారంగా నిరూపించాలి. జాషువ ‘గబ్బిలం’ (1941) విషయంలో రెండు పదాలూ చాలవు. అవి రెండూ బాధితుడు పరుడన్న స్థితినుంచే పుట్టినవి; కులవివక్షను స్వయంగా అనుభవించిన కవికి ఆ బాధ పరునిది కాదు. ఆ కావ్యాన్ని సానుభూతితోనో సహానుభూతితోనో కొలవడమంటే, పాఠకుని స్థానాన్ని కవికి ఆపాదించడమే. అక్కడ అన్వయించవలసిన పరిభాష స్వానుభవం.

పదభేదం నిర్మాణంలో లేనప్పుడు నిర్వచనంలోనైనా ఉండాలి. ఈ పదాలను ప్రమాణాలుగా స్వీకరించే పరిశోధన, ఏ పదాన్ని ఏ అర్థంలో గ్రహిస్తున్నదో ఆరంభంలోనే స్పష్టం చేయడం అవసరం.