అంకెలకెక్కిన అడుగులు

బెంగుళూరులో మా మనుమరాలు సల్సా నృత్యము నేర్చుకొనుచున్నది. ఒక సాయంకాలము ఆ పిల్లను ఇంటికి తోడ్కొని వచ్చుటకై పోయి, శిక్షణశాలలో ఒక మూల అరగంట కూర్చుంటిమి. సంగీతమింకను మొదలుకాలేదు. గురువు ‘ఒకటి, రెండు, మూడు; అయిదు, ఆరు, ఏడు’ అని ఇంగ్లీషులో ఎలుగెత్తి లెక్కపెట్టుచుండెను. నాలుగును ఎనిమిదియు ఏమైనవి? ముప్పదియేండ్లు కచేరీలో పద్దులు కూడిన మాకు మొదట ఆ లోటే కంటబడెను. ఆ రెంట పాదము నిలిచియుండునట.

ఈ లెక్క సంగతి తెలియవలెనన్న న్యూయార్కు నగరమునకు పోవలెను. సల్సాకు మూలములైన సోన్, మాంబోలు క్యూబాలో పుట్టినవి. 1966లో మూతపడిన పాలేడియము నృత్యశాలలో మాంబో వెలిగెను. 1970 ప్రాంతములలో గ్రామఫోను రికార్డుల వర్తకము వలన సల్సా యను పేరు వ్యాపించినది. స్పానిషు భాషలో ఆ మాటకు నంజుకొను పచ్చడివంటిదని యర్థము. మహావాద్యకారుడు టీటో ప్వెంటేకు ఈ పేరు గిట్టలేదు. అయినను ఆ పేరే నిలిచెను.

1950లో ఆ నగరమందే జన్మించిన ఎడ్డీ టోరెస్ పెద్దలను చూచి అడుగులు పట్టుకొన్నవాడు. ఆడి చూపగలడే గాని ఏ దెబ్బమీద పాదము వేయుచున్నాడో చెప్పజాలకుండెను. జూన్ లబెర్టా యను నృత్యోపాధ్యాయిని అతనికి తాళము లెక్కించుట నేర్పి, బోధనకు పురికొల్పెను. రెండవ, ఆరవ లెక్కలపై దిశ మార్చు అతని పద్ధతి పిమ్మట దేశదేశములకు ప్రాకినది. అందరును టోరెస్‌ను పొగడుదురు. లబెర్టాను తలచువారు తక్కువ. మా మనస్సునకిది కష్టముగా నున్నది. ఆమె ‘ఏ దెబ్బమీద?’ అని అడుగకున్నచో అతని విద్య అతని కాళ్లయందే యుండిపోయెడిది గదా!

అయితే ఆనాడు మేము చూచిన తరగతిలో ఒక దోషము కలదు. సంగీతము మ్రోగిన పిదపయు పిల్లల పెదవులు అంకెలనే జపించుచుండెను. చెవులు మాత్రము మూతపడియుండెను. సల్సాకు ప్రాణము క్లావే. రెండు కొయ్యముక్కలతో వాయించు వరుస అది. ఎనిమిది లెక్కలలో అయిదు దెబ్బలు: ఒకటిమీద, రెండు మూడుల నడుమ, నాలుగుమీద, ఆరుమీద, ఏడుమీద. (రెండు దెబ్బల భాగమును ముందు వాయించుటయు కలదు.) ఆదితాళపు ఎనిమిది అక్షరములలో అయిదు తావులందే మృదంగము పలికినట్లు ఊహించుకొనవచ్చును. పాదము నిలిచిన నాలుగుమీద కొయ్య పలుకుచున్నది, చూడుడు! మాకు లోటని తోచినది లోటు కాదు. ఈ సంగతి గురువు చెప్పలేదు.

ఇది విని మాకు తంజావూరు సీమలోని మేలట్టూరు జ్ఞప్తికి వచ్చినది. వేంకటరామశాస్త్రిగారి తెలుగు నాటకములు అచ్చట నరసింహ జయంతికి ఆడుదురు. ఆ విద్య కుటుంబములలో తండ్రిని చూచి కొడుకు నేర్చినది. ఇ. కృష్ణయ్యరు అను న్యాయవాది మేలట్టూరు నటేశయ్యరుగారి వద్ద అభినయము నేర్చి, ఆ కళను బయటివారి దృష్టికి తెచ్చెను. తమిళనాట పెరుగుచున్న మన బిడ్డలకు అది దక్కవలెనన్న, ఆడువారి ప్రక్కన కూర్చుండి ‘ఏ దెబ్బమీద? ఏ మాటమీద?’ అని విసుగు లేక అడుగువా రొకరు కావలెను. మన సంఘములు ఏటేట శాలువలు కప్పుచున్నవే గాని, ఆ పని కెవ్వరిని నియమించినవి?

మనుమరాలికి క్లావే సంగతి ఇంటివద్ద చెప్పితిమి. ఇప్పుడది ఆదివారములందు ఇరుగుపొరుగు పిల్లలకు తానే నేర్పుచున్నది. మొదటి పావుగంట ఎవ్వరిని అడుగు వేయనీయదు, చప్పట్లు మాత్రమే. నాలుగుమీది చప్పట్టు మేమింకను తప్పుచున్నాము.